గోరంత

ఫిల్మును లైటుబోర్డుకు తగిలించి
డాక్టరమ్మ పెన్ను మొనతో చూపెట్టింది.
ఎడమ కణత లోపల
గోరంత మసక.

"కడుపులో నాలుగో నెల.
పైకెక్కాల్సిన కణాలు కొన్ని
దారి తప్పి నడిమధ్యలో ఆగిపోయాయి.
ఎవరి తప్పూ కాదమ్మా."

నాలుగో నెల.
మూసాపేటల రేకుల గది. గ్రహణం నాడు
నేను సొరకాయ తరిగిన.
ఏడేండ్లయినా అత్త ఆ కత్తిపీటను మరువలే.
నేనూ మరువలే.

మూడు రకాల మందులు మింగింది రుత్విక.
నాలుక మొద్దుబారింది, ఎక్కాలు పోయినయి,
ఫిట్స్ మాత్రం పోలే.
కిరాణా కొట్టోళ్లిచ్చిన క్యాలెండర్ల
రాహుకాలం మీద నా ఎర్రగీతలు.
మంగళవారం ఒక్కనాడే పదకొండు.

పంజగుట్ట బస్టాపుల నిలబడి
అత్తకు ఫోన్ చేసిన.
అవతల చాలాసేపు కుక్కర్ కూత.
"సొరకాయ కాదన్నట్టా?"
"కాదంట."
"మరి నాకెవరు చెప్పిండ్రు ముందు?"

ఆపరేషన్‌కు ముందురోజు మంగలి వచ్చిండు.
సగం తల గొరిగించుకుంట
పిల్ల అడిగింది:
"అమ్మా, ఇది ఏ గుట్ట మొక్కు?
సగమే ఇస్తే దేవుడు ఊకుంటడా?"

రాలిన వెంట్రుకలు
కొంగుల ముడేసుకున్న.
జవాబు ఇంకా చెప్పలే.