మధ్యలో అక్షరం

ఓటరు చీటీలో మా అత్త పేరు రాంబాయి.
అసలు పేరు రాహాబు.
"ఇదేం పేరమ్మా" అని ఎవరో గుమాస్తా దిద్దేశాడు.
ఎనభై అయిదేళ్ళ మనిషి
కొత్తపేటలో ఆటో ఎక్కి, చంకలో తాత నోటుబుక్కుతో
గుంటూరు కలెక్టరాఫీసుకి బయల్దేరింది.
వెనక నేను, నీళ్ళ సీసాతో.

ఆ పుస్తకానికి పొగాకు వాసన.
నానమ్మ గ్రేడింగు కూలి;
పురుగు పట్టకుండా పుటల మధ్య ఆకు పెట్టేది.
కుడి నుంచి ఎడమకి నడిచే అక్షరాలు,
కింద తాత తెలుగు. ముత్యాలేం కాదు, చీమలు.

చాట్ల నతనయేలు పంతులు
హీబ్రూ నేర్చుకున్నది తపాలాలో.
జర్మనీలో ఒక ప్రొఫెసరు.
ఇక్కణ్ణించి తప్పులు వెళ్ళేవి,
అక్కణ్ణించి ఎర్రసిరా వచ్చేది, ఓడ మీద.
గొంతులోంచి పలకాల్సిన అక్షరం ఒకటి ఎంతకీ రాకపోతే
"మీ ఊళ్ళో బరువు దించేవాళ్ళు
ఊపిరెలా వదుల్తారో వినండి" అని రాశాడట.
తాత గూడ్సు షెడ్డుకి వెళ్ళి
మిరప బస్తా దించే హమాలీ దగ్గర
ఆ అక్షరం తెచ్చుకున్నాడు.

ముప్పై తొమ్మిది వేసవిలో
ఉత్తరం రాలేదు, పార్సిలొచ్చింది.
కొత్త సువార్త. కొత్త కాగితం. పైన గద్ద ముద్ర.
తెలుగు చేస్తే నెలకి నలభై రూపాయలు.
అడుగున ఆ ఎర్రసిరా సంతకమే.

తాత మొదటి పుట తెరిచాడు.
వంశావళి లేదు.
అబ్రాహాము లేడు, దావీదు లేడు,
సీయోను ఉండాల్సిన చోట "ఎత్తైన ప్రదేశం".
యేసు ఎవరికీ పుట్టనట్టు
నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాడు,
తాతముత్తాతలు లేకుండా, సున్తీ లేకుండా.

మా పాలేనికి ఇది కొత్త కాదు.
కరణం చిట్టాలో మా ముత్తాత పేరు ఏనాడూ పడలేదు,
"ఫలానా వారి జీతగాడు" అని పడింది.

కానీ నలభై రూపాయలు.
నానమ్మకి నెలలు నిండాయి, కొట్లో పద్దు పెరిగింది.
మూడు రాత్రులు లాంతరు ఆరలేదు.
ఈ సంగతి అత్త దాచదు:
"చేశాడే. ఆరు పుటలు. ఇదిగో, ఆయన రాతే."

నాలుగో రాత్రి నొప్పులు.
మంత్రసాని "ఆడపిల్ల" అని కేకేస్తే
తాత ఆ కాగితాల్లోంచి లేచి
కత్తిరించేసిన పేర్లలో
ఎవరూ పెట్టుకోనిది ఏదా అని వెతికాడట.
యెరికో గోడ మీద ఇల్లున్న ఆడది. వేశ్య.

పార్సిలు తిరిగెళ్ళింది, లోపల ఒక కార్డు ముక్కతో:
"అయ్యా, నాకు కూతురు పుట్టింది. పేరు రాహాబు."
హీబ్రూలో, చుక్కలన్నీ సరిగ్గా పెట్టి.
ఎర్రసిరా మళ్ళీ రాలేదు.
సెప్టెంబరులో యుద్ధమే వచ్చింది.

ఆయన చెడ్డవాడా అత్తా అంటే
ఆకులోంచి ఈనె తీస్తున్నట్టు ఆలోచించి
"భయస్తుడు" అంటుంది.
కాసేపాగి,
"మంచి గురువు కూడా. అదేగా బాధ."

కలెక్టరాఫీసులో కుర్రాడికి
నోటుబుక్కు తలకిందులుగా కనిపించింది.
ఆధార్ అడిగాడు. అందులోనూ రాంబాయే.
అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది.
"రాసుకో నాయనా. రా. హా. బు.
మధ్యలోది గొంతులోంచి రావాలి,
బస్తా దించినట్టు."