సెకన్ల ముల్లు

గ్రిమ్స్‌బీ ఆసుపత్రి నేలమాళిగలో
నా బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక యంత్రం
పొట్ట విప్పుకుని పడుకుని ఉంటుంది.
పైన ఎవరు పుట్టారో, ఎవరు పోయారో
నాకు తెలిసేది ప్లగ్గుల ద్వారానే.

ఆ గురువారం పాత ఇంక్యుబేటర్ తుడుస్తున్నాను.
ఇక్కడ ఇక పనికిరాదు కనుక
దానం చేద్దామన్నారు పైవాళ్ళు.
చెక్కపెట్టె మీద ఎర్రరంగుతో "సియెర్రా లియోన్" అని
నేనే రాశాను. కొంచెం గర్వంగానే రాశాను.

రాత్రి డ్యూటీ దిగి వచ్చింది బైందు కల్లోన్,
మూడో అంతస్తు మంత్రసాని, ఆ దేశపు మనిషి,
బూట్లు చేత్తో పట్టుకుని, ఉత్త సాక్సులతో.
పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది
సంతలో ఎద్దు పళ్ళు లెక్కపెట్టే రైతులా.

"కరెంటు ఎంత తాగుతుంది?"
చెప్పాను.
"మా సోలార్ పలక టీకాల ఫ్రిజ్‌కే చాలదు.
ఫిల్టర్ ఎన్నాళ్ళకు మార్చాలి?"
చెప్పాను.
"అది మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది?"
చెప్పలేదు.

"ఇలాంటివి మా దగ్గర మూడున్నాయి.
ఒకదాంట్లో కోడి పొదిగింది.
పదకొండు గుడ్లూ పిల్లలయ్యాయి,
ఆ ఒక్కదాన్నీ నేను తప్పుపట్టను."
తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత, నా స్టూలు లాక్కుని కూర్చుని, చెప్పింది.
వానాకాలం. తొలిచూలు పిల్ల.
పడవలో సగం దారి, మోటారు సైకిలు మీద సగం.
బిడ్డ బయటపడింది, ఏడవలేదు.
తల్లికి రక్తం ఆగలేదు.
మందు ఉంది. బీరువాలో ఉంది. బీరువాకి తాళం ఉంది.
తాళంచెవి జీతం తెచ్చుకోవడానికి పట్నం వెళ్ళింది.
బియ్యం దంచే రోకలితో అద్దం పగలగొట్టింది బైందు.
తల్లి బతికింది.

"బిడ్డ?" అన్నాను.
"ఆ నిమిషం నేను బీరువా దగ్గర ఉన్నాను."

ఏమనాలో తెలియక మా అమ్మమ్మ మాట చెప్పాను:
మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి.
ఈసారి పగలబడి నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.
"మరి తాళంచెవి రాకపోతే?"
అమ్మమ్మ సామెతలో దానికి చోటు లేదు.

మర్నాటి నుంచి ఆ మందుకి తాళం వేయనివ్వలేదట.
గదులు ఊడ్చే ఆవిడకి బొమ్మ మీద నేర్పిందట,
తల ఎంత వంచాలో, మాస్కు ఎలా ఆనించాలో,
ఊపిరి సంచి ఎంత మెత్తగా పిండాలో.
ప్రతి కాన్పుకీ రెండో మనిషి ఉండాలంతే.
ఆవిడ పేరు సత్తా.
మా భాషలో ఆ మాటకి అర్థం చెప్పాను.
బైందు రెండుసార్లు పలికి చూసుకుంది, సత్తా, సత్తా,
సరిపోయిందన్నట్టు తలూపింది.

అట్ట వెనక జాబితా రాసిచ్చింది.
ఊపిరి సంచులు, మాస్కులు రెండు సైజులు,
తలకి కట్టుకునే దీపాలు,
సెకన్ల ముల్లున్న గడియారాలు.
"బ్యాటరీవి వద్దు."

శనివారం ఫ్రీమన్ స్ట్రీట్ మార్కెట్‌లో
చావి ఇచ్చే గడియారాలు ముప్ఫై ఎనిమిది దొరికాయి.
చేపల వాసన, చినుకులు.
బడి పిల్లలకా, అనడిగాడు ముసలాయన.
అంతకంటే చిన్నవాళ్ళకి, అన్నాను.

ఇప్పుడు నేలమాళిగంతా టిక్కుటిక్కు.
ఒక్కోదానికీ చావి తిప్పుతూ తెలుగులో లెక్కపెడతాను:
పిండు... వదులు... వదులు...
పిండు... వదులు... వదులు...
బొమ్మ ఛాతీ పైకి లేస్తే
ఎవరూ చూడకుండా నవ్వుకుంటాను.

ఇంక్యుబేటర్ మూలన ఉంది.
నా టిఫిను డబ్బా అందులో పెడుతున్నాను.

ముప్ఫై ఏడు గడియారాలు పెట్టెలోకి చేరాయి.
మిగిలినది నిమిషానికి రెండు సెకన్లు వెనకబడుతోంది.
పైకి చూస్తే ఎవరికీ తెలియదు.
పొట్ట విప్పి బల్ల మీద పెట్టాను.