గాలి రోజున తాడు

పుంటా అరెనాస్‌లో గాలి మొదలైతే
మునిసిపాలిటీ వాళ్ళు చౌరస్తాలో తాళ్ళు కడతారు.
మనుషులు వాటిని పట్టుకుని రోడ్డు దాటుతారు,
టోపీలు మాత్రం దాటవు.

ఎదెల్మిరాకి ఏనాడూ తాడు అక్కర్లేదు.
బడిపిల్లలు ఆమె కోటు వెనక దాక్కుని నడిచేవాళ్ళు.
"నన్ను గాలి కూడా కదపలేదు" అనేది
రొట్టెల కొట్టు తలుపు భుజంతో తోస్తూ.
నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం.
ఆ నవ్వు మోకాళ్ళ దాకా దిగేది కాదని
నొప్పి బిళ్ళలు అమ్మే నాకు తెలుసు.

పదిహేడేళ్ళు నా మందుల షాపుకి
బీపీకి, షుగరుకి, కీళ్ళకి
విడివిడిగా చీటీలు తెచ్చింది.
అసలుదానికి మాత్రం ఊరంతా రాసిచ్చింది ఒకటే చీటీ:
నోరు కట్టుకో.
రాత్రి రెండింటికి లేచి పిండి పిసికే మనిషికి,
వేడి రొట్టె వాసనే గాలిగా పీల్చే మనిషికి.
నేనూ అన్నానేమో.
అన్నాను.

పోయిన మార్చిలో డాక్టర్ దామ్యానొవిచ్ కొత్తది రాసింది,
వారానికొక సూది, పొట్ట మీద.
ఫ్రిజ్‌లోంచి పెన్ను తీసి ఇస్తుంటే
"ఇది దొంగదారి కాదు కదా, ఓస్వాల్దో?" అంది మెల్లగా.
బీపీ బిళ్ళ గురించి ఎప్పుడూ అడగని ప్రశ్న.

మొదటి నెలంతా వాంతులు.
రెండో నెల కౌంటరు మీద మోచేతులానించి
"తలలో ఒక రేడియో ఉండేది.
ఏముంది, ఎక్కడుంది, ఇంకొకటి, ఇంకొక్కటే అంటూ.
మొన్న మంగళవారం ఎవరో దాన్ని కట్టేశారు.
మీ అందరి తలల్లో ఇంత నిశ్శబ్దమా?
ఎప్పట్నుంచీ?"

జవాబు చెప్పలేదు.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టాను.

ఒకరోజు పిండి రుచి చూడడం మర్చిపోయి
ఉప్పులేని రొట్టెలు అమ్మింది.
ఆగస్టులో డబ్బు చాలక సూది మానేసింది.
రేడియో మళ్ళీ మోగింది,
కొత్త బ్యాటరీలు వేసినట్టు.
సెప్టెంబరులో చిన్న మోతాదు నుంచి మళ్ళీ మొదలు.
ఎన్నాళ్ళు వాడాలంది.
బీపీ బిళ్ళ ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నావన్నాను.

ఈ రోజు గాలి.
షట్టరు సగం దించి చూస్తున్నాను.
రెండు సైజులు వదులైన కోటు
తెరచాపలా లేస్తోంది.
మూల మీద ఆగింది.
ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది.
తర్వాత చెయ్యి చాపి
తాడు పట్టుకుంది.

గాలేమీ తగ్గలేదు.
దాటుతోంది.
వెనక దాక్కునే చోటు చాలక
ఒక పిల్లాడు ముందుకొచ్చి
ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు.