తొలి సంతకం

లోకనాథం బాబు వొచ్చీసరికి
నాను రెండో కేజీలో ఉన్నాను.
దగ్గిరికి రాకండి బాబూ, జీడి సొన సిందుతాది,
తెల్ల సొక్కా మీద పడితే
ఏ సబ్బూ దాన్ని గెలవలేదు, అన్నాను.
ఆయన గుమ్మంలోనే నిలబడి సెయ్యెత్తినాడు.
గెలిచిన మర్నాడు, అమ్మా,
నా తొలి సంతకం మంచినీళ్ళ మీద!
నీళ్ళ మీద సంతకమేటర్రా అని
దాలప్ప కిసుక్కున నవ్వితే
కొట్టబోయిన పిక్క జారి నా ఏలు సితికింది.

హేమలతమ్మ కారు
కాశీబుగ్గ రైలుగేటు అవతలే ఆగిపోనాది.
మైకు మటుకు పట్టాలు దాటి వొచ్చీసింది.
మా మొట్టమొదటి ప్రాధాన్యం... అన్నాది.
అప్పుడే గూడ్సు.
పెట్టెకీ పెట్టెకీ నడుమ సందులోంచి
ఒకో ముక్క ఇనపడతాది:
వంతెన... ఆడోలు... తుఫానుకి పడిన తోటలు... వడ్డీ...
గుంటలు పెట్టెలు లెక్కెడతన్నారు.
యాభై ఎనిమిది.
గేటు లేచీసరికి ఆవిడ టైమైపోనాది,
కారు ఎనక్కి తిప్పీసుకున్నారు.

మూడోవోడు దుర్యోధన మేస్టారు.
ఏ పార్టీ లేదు, తాళం గుర్తు.
పాత లూనా గోడకి ఆనించి
మా గోనెసంచి మీదే కూకున్నాడు.
నానేటి సేస్తానో తరవాత, అన్నాడు,
నీకేటి ముందు కావాలో నువ్వు సెప్పు.

ఓలమ్మా!
ఎన్ని కేజీలని అడిగినారు,
ఎంతమంది పిల్లలని అడిగినారు,
ఆధార్ నంబరడిగినారు.
ఏది ముందని ఎవులూ అడగలేదు.
మా ఇంటోడి మందులా?
మా రోహిణి కాలేజీ ఫీజులా?
కారే రేకా?
నా ఏలుముద్ర సూసి నువ్వెవులని మొరాయించే
రేషన్ మిసనా?
ముందు ఏటని సెప్పడం సులువే,
ఎనక్కి దేన్ని తొయ్యాలో
అదిగూడా నానే సెప్పాల గదా.
మందుల్ని తొయ్యనా? గుంటని తొయ్యనా?
సేతిలో పిక్క సేతిలోనే సల్లారిపోనాది.

ఆకరికి నోట్లోంచి వొచ్చింది: కాటా.
బాబూ, సావుకారి కాటా సరిసేయించు.
నా కేజీ కేజీలాగ తూగితే
మిగతావి నాను సూసుకుంటాను.

మేస్టారు పెన్ను తీసినాడు.
మూలనున్న కాటా వైపు సూసినాడు,
సావుకారు పంపిన టీ గలాసు వైపు సూసినాడు.
లోకనాథం బాబుకీ అదే టీ,
గేటు అవతలికి ఫ్లాస్కులో ఎల్లింది.
ఇది పెద్ద ఇసయం తల్లీ, అన్నాడు సిన్నగా.
పెద్దదని ఒప్పుకున్నోడు ఆయనొక్కడే,
అది మటుకు సెప్పాల.
రాసుకున్నాడో లేదో,
నాకు సదువు రాదు.

ఓటు రోజు
సిరా గుర్తెట్టే కుర్రోడు
నా ఏలు తిప్పి తిప్పి సూసినాడు.
సిరా ఏదో, జీడి మసేదో తేలక
రెండోపాలి గీసినాడు, మూడోపాలి గీసినాడు.
ఈ సేతుల్తోటి దొంగోటేసినా దొరకవమ్మా, అన్నాడు.
ఉన్న ఒక్కటీ ఎవులికెయ్యాలో తెలక సస్తన్నాను బావూ, అన్నాను.
ఎవులికేసినానో మీరూ అడక్కండి.

గెలిచినోలు గెలిచినారు.
నిన్న మజ్జానం సేతులు తుడుసుకుందావని
సంచి అడుగునున్న కాయితం లాగితే
లోకనాథం బాబు బొమ్మ.
బొమ్మ కింద లావుపాటి అచ్చరాలు.
తొలి సంతకం అని రోహిణి సదివింది.
దాని పక్కన ఖాళీలో
నా బొటనేలు పడున్నాది,
నల్లగా, నూనెగా.
గీతల్లేవు. అయినా నాదే,
ఏ మిసనూ ఎవుల్దని అడగలేదు.

తీసికెళ్ళి కాటా పళ్ళెంలో ఏసినాను.
ముల్లు కదల్లేదు.
సావుకారు లోపలినించి కేకేసినాడు
మూడో కేజీ ఎక్కడిదాకా వొచ్చిందని.