ఇటు సి, అటు టి

లాం ఫారంలో ఏసీ గది.
తెరమీద రెండు మిరపలు పక్కపక్కన,
కాయల్లా కాదు, అక్షరాల బారుల్లా.
మనకి యాభయ్యారు కావాలి, వీటికి నాలుగు చాలు.

లక్షల వరసలు ఒకేలా. కళ్ళు మూతలు పడుతుంటే
ఒకచోట ఎర్రగా వెలిగింది:
ఇటు సి, అటు టి.
ఇదేనా కారం?
తాతలనాటి ఏ తేనెటీగ పొరపాటో?

సాయంత్రం ఆ రెండు రకాలూ పొట్లం కట్టి
యార్డుకి తీసుకెళ్ళాను.
తొడిమలు తీస్తున్న మస్తాన్‌బీ
ఎండుకాయ చెవి దగ్గర ఆడించి
"ఇది పెదనందిపాడు నల్లరేగడిది.
అది దీని చెల్లెలే, నీళ్ళెక్కువ తాగింది" అంది.

నీళ్ళ సంగతి నా తెరమీద లేదు.

ఇంటికొచ్చి కన్ను నలుపుకున్నాక గుర్తొచ్చింది,
చేతులు కడుక్కోలేదని.
అక్కదో చెల్లెలిదో
ఆ మంట,
చెప్పలేకపోయాను.