వేరు వయసు

వేళ్ళతో వేళ్ళు కడగడం నా పని.
గాన్సు కొండల్లో పసుప్పచ్చ మన్ను,
ఆరితే బూడిద, తడిస్తే జిగురు.
కేంద్రం వెనక రేకుల కొట్టంలో
మూడు తొట్లు, ఒక జల్లెడ, చన్నీళ్ళు.

కడిగిన వేరును దౌ రుయ్ యంత్రం నోట్లో పెడతాడు.
పైదవడ, కిందిదవడ, మధ్య మొక్కజొన్న వేరు.
మీట నొక్కితే మెల్లగా లాగుతుంది.

ఇరవై రోజుల వేరు
ఉడికిన సేమ్యాలా సాగి
చప్పుడైనా లేకుండా పోతుంది.
పూతకొచ్చిన చేని వేరు మాత్రం మొండికేస్తుంది.
అంకెలు ఎక్కి, ఎక్కి,
ఆగి, ఇంకాస్త ఎక్కి,
టప్‌మంటుంది.
రోజుకు నలభైసార్లు విన్నా
కుర్రాడు ఉలిక్కిపడుతూనే ఉంటాడు.

లావు వేరే గట్టిదనుకున్నాను ఇన్నాళ్ళూ.
కాదట. మందాన్ని బట్టి లెక్కేస్తే
నూలుపోగంత సన్నదానిదే ఎక్కువ బిగువట.
ఆశ్చర్యమేసింది. కొంచెం కోపం కూడా,
అరవై ఏళ్ళుగా ఎవరూ చెప్పనందుకు.

కోతయ్యాక నేలలో మిగిలినవీ తెస్తారు.
కంకిని ఇచ్చేసిన వేళ్ళు.
గోరుతో గీస్తే తోలు ఊడి లోపలి నార బయటపడుతుంది.
అవీ కొన్నాళ్ళు పట్టు వదలవు.
తర్వాత ఒక వారం, ఎందుకో,
అన్నీ ఒక్కసారే వదిలేస్తాయి.

నిన్న దౌ రుయ్ అడిగాడు:
"షాన్ అత్తా, చూడకుండా వయసు చెప్పగలవా?"
కళ్ళు మూసుకుని వేలికొసల మధ్య నలిపాను.
నలభై, అన్నాను.
డబ్బా మీద నలభై రెండు.
వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడు వాన ముందొచ్చింది.
మా పైమడిలో మొక్కజొన్న మొలిచి పద్దెనిమిది రోజులు.
సాళ్ళు తీర్చి, పచ్చగా, చూడముచ్చటగా ఉంది.
రాత్రికి రాత్రి గట్టు జారి
చేనూ మేకలదొడ్డీ పోయి
కింద మియావో వాళ్ళ బావిలో పడ్డాయి.
తెల్లారి బురదలో మోచేతుల దాకా దింపి వెతికాను.
వేళ్ళున్నాయి. బోలెడున్నాయి.
వాటికి వయసే లేదు.

దవడ దగ్గర తెగినదాన్ని లెక్కలోకి రానివ్వరు.
యంత్రం కొరికిందో, తనంతట తెగిందో
తేలదు కదా.
అలాంటివి నా పళ్ళెంలో పడేస్తారు, పారబోయమని.
ఇంటికి పోతూ వాటిలో ఒకటి తీసి
కొసలు చుట్టి, రెండు చేతులా లాగి చూస్తాను.
ఇవాళ్టిది తెగలేదు.
వేళ్ళ మీద ఎర్రటి గీత
అన్నం తినేదాకా ఉంది.