ఘాటు

మిర్చియార్డుకి వేసవి సెలవులిచ్చిన మర్నాడు
ఫిరంగిపురం దాకా బస్సు, అక్కణ్ణుంచి బాజీ బండి.
తెల్లారకముందే
కొండవీటి వెనక లోయలో దిగాం.

రెండు రాతిగోడల మధ్య
వాగు ఒకప్పుడు నడిచిన దారి.
ఇప్పుడు గులకరాళ్ళే పారుతున్నాయి,
మా కాళ్ళ కింద, చప్పుడు చేస్తూ.

బాజీ వంగి ఇసక చదివాడు:
ఇది ముళ్ళపంది, రాత్రిది.
ఇది నక్క, కుంటుతోంది.
నాకు తక్‌పట్టీలో అంకెలు తప్ప
ఏ గీతా చదవడం రాదు.

బలుసు పొద చాటున గంటసేపు కూర్చున్నాం.
ఒక్క నెమలి కేక, అదీ అవతలి గట్టున.
అప్పుడన్నాడు, నా భుజం వాసన చూసి:
"అన్నా, ఏమనుకోకు,
నీ ఒంట్లోంచి తేజా ఘాటు కొడుతోంది.
లోయంతా ముక్కు మూసుకుంది."

పద్దెనిమిదేళ్ళుగా కాటా గుమస్తాని.
మా ఆవిడ నా చొక్కాలు విడిగా నానబెడుతుంది.
పసిపిల్లలున్న ఇంటికి వెళ్తే
గుమ్మం బయటే నిలబడి మాట్లాడి వస్తాను.

చొక్కా విప్పి పొద కింద దాచాను.
చెలమలో మిగిలిన దోసెడు నీళ్ళు
ముట్టుకోబోయి ఆగాను,
అవి వాటివి.
మట్టే రుద్దుకున్నాను, మెడకీ చంకలకీ.

ఎండ మెల్లగా రాతిగోడ దిగుతుండగా
బండ మీద బండ కదిలింది.
ఉడుము.
మెడ ఎత్తి, చీలిన నాలుకతో
నా వైపు గాలిని ఒకసారి రుచి చూసింది.
నమ్మకం కుదరక
మళ్ళీ చూసింది.
పారిపోలేదు.

బాజీ ఊపిరి బిగబట్టాడు.
నాకు తుమ్ము వచ్చింది.